గొట్టంలోని రక్తం నుంచి తెర మీది కణాల దాకా: ఫ్లో సైటోమెట్రీతో రోగనిరోధక కణాలను గుర్తుపట్టడం

యాంటీబాడీ (ఒక్కో రకం అణువును మాత్రమే పట్టుకునే ప్రోటీన్) కిట్‌తో వచ్చే కాగితంలో చాలాచోట్ల ‘గది ఉష్ణోగ్రత వద్ద’ అని ఉంటుంది. అంటే 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్. మే నెలలో నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో ఆ మాట నమ్మి ట్యూబును బల్ల మీద వదిలేస్తే పని అక్కడే చెడిపోతుంది. నేను పాఠం చెప్పే పిల్లలు ఎక్కువగా నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాలవారు. రక్తం వాళ్ల ఊళ్లలో తీస్తారు, కణాలను గుర్తుపట్టే ఫ్లో సైటోమీటరు యంత్రం వంద కిలోమీటర్ల దూరాన హైదరాబాద్‌లో ఉంటుంది. పుస్తకాల్లో ఈ దూరానికీ ఈ ఎండకూ చోటు ఉండదు. అందుకే వాళ్లకు చెప్పేదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

మొదటే ఒక మాట. ఏ కణాన్నయినా ఒక్క గుర్తు (పైపొర మీది ఒక అణువు) చూసి ఫలానా అని తేల్చకండి. ఉన్న గుర్తులతో పాటు లేని గుర్తులనూ చూడాలి. ఆ ‘లేదు’ నిజంగా లేదని, పోలిక కోసం పెట్టే కంట్రోల్ ట్యూబు చూపించాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ దీని కోసమే.

యంత్రం లోపల జరిగేది

బత్తాయి మార్కెట్‌లో కాయల్ని సైజు చూసి వేరుచేయడం మీరు చూసే ఉంటారు. ఫ్లో సైటోమీటరు మొదట చేసేది దాదాపు అదే. ద్రవంలో తేలుతున్న కణాలను ఒకదాని వెనుక ఒకటి వరుసలో నడిపించి లేజర్ కిరణం ముందు నుంచి పంపుతుంది. కిరణం దిశలోనే ముందుకు చెదిరే వెలుగు కణం సైజు గురించి స్థూలంగా చెబుతుంది. పక్కకు చెదిరే వెలుగు కణం లోపలి గరుకుదనాన్ని, అంటే రేణువులూ కేంద్రకం ఆకారమూ ఎలా ఉన్నాయో చెబుతుంది. న్యూట్రోఫిల్, లింఫోసైటు, మోనోసైటు అన్నవి తెల్లరక్త కణాల్లో రకాలు. న్యూట్రోఫిల్ లోపల రేణువులు దండిగా ఉంటాయి కాబట్టి పక్క వెలుగు ఎక్కువ. లింఫోసైటు చిన్నది, లోపల నునుపు, అందుకే రెండూ తక్కువ. మోనోసైటు ఈ రెండింటి మధ్య ఉంటుంది.

సైజుతో పని ఇక్కడిదాకానే. లింఫోసైట్లలోనే రకాలైన టి కణం, బి కణం, ఎన్‌కే కణం సైజులో అన్నదమ్ముల్లా ఉంటాయి. వాటిని విడదీయాలంటే పైపొర మీద ఏ అణువులున్నాయో తెలియాలి. ఒక్కో అణువును మాత్రమే పట్టుకునే యాంటీబాడీకి వెలిగే రంగును అతికించి రక్తంలో కలుపుతాం. ఒకే అణువును పట్టే ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే దారి 1975లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ చూపించారు. ఆ పని లేకపోతే ఈ పరీక్షే లేదు. అప్పట్లో ఒకే అణువుకు ఒక్కో ప్రయోగశాల ఒక్కో పేరు పెట్టుకునేది. ఇప్పుడు మనం సీడీ4 అంటున్నదాన్ని ఒకరు టీ4 అంటే మరొకరు ల్యూ3 అనేవారు. 1982లో పారిస్‌లో జరిగిన సమావేశంతో ఒక్కో అణువుకు ఒక్కో సీడీ అంకె వచ్చి ఆ గందరగోళం తగ్గింది.

మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మొదటి రోజే అడిగింది: “సార్, ఈ ఫ్లోరోసెంట్ రంగుల్లో కూడా ఫ్లోరైడ్ ఉంటుందా?” ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన కాళ్లను ఇంట్లోనే చూసిన పిల్ల అడిగిన ప్రశ్న అది. దానికి సరైన జవాబు ఇవ్వాలి. ఫ్లోరోసెన్స్ అనే పేరును 1852లో జార్జ్ స్టోక్స్ పెట్టారు. ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు నుంచి తీసుకున్నారు. ఆ ఖనిజం కాల్షియం ఫ్లోరైడ్. మన బోరునీళ్లలోకి ఫ్లోరైడ్ వచ్చేది కూడా అటువంటి ఖనిజాలున్న రాళ్ల నుంచే. పేరు అలా కలిసింది, పదార్థం కలవలేదు. మనం ఎక్కువగా వాడే ఎఫ్‌ఐటీసీ రంగులో ఫ్లోరిన్ పరమాణువు ఒక్కటి కూడా లేదు.

ఏ గుర్తుకు ఏ రంగు

కొత్తవాళ్లకు 6 రంగులు చాలు. నీలి లేజర్ (488 నానోమీటర్లు), ఎర్ర లేజర్ (సుమారు 640) ఉన్న ఏ యంత్రం మీదైనా ఈ ప్యానెల్ (గుర్తులూ రంగుల జతల పట్టిక) నడుస్తుంది:

సీడీ3కి ఎఫ్‌ఐటీసీ
సీడీ16, సీడీ56 రెండింటికీ కలిపి పీఈ
సీడీ45కి పెర్‌సీపీ-సై5.5
సీడీ4కి పీఈ-సై7
సీడీ19కి ఏపీసీ
సీడీ8కి ఏపీసీ-సై7

సీడీ45 తెల్లరక్త కణాలన్నింటి మీదా ఉంటుంది, ఎర్రకణాల మీద ఉండదు. సీడీ3 టి కణానిది. టి కణాల్లో సహాయకులకు సీడీ4, సంహారక కణాలకు సీడీ8. సీడీ19 బి కణానిది. ఎన్‌కే కణానికి సీడీ16 గానీ సీడీ56 గానీ రెండూ గానీ ఉంటాయి, సీడీ3 మాత్రం ఉండదు. ఆ చివరి షరతు వదిలేస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే కొన్ని టి కణాల మీద కూడా సీడీ56 కనిపిస్తుంది. సీడీ16 అయితే న్యూట్రోఫిల్స్ మీద నిండుగా ఉంటుంది.

రంగును ఇలా జతకట్టడంలో ఒక పద్ధతి ఉంది. కణం మీద తక్కువగా ఉన్న అణువుకు బాగా మెరిసే రంగు, దండిగా ఉన్నదానికి మసక రంగు. సీడీ45 కావలసినంత ఉంటుంది కాబట్టి అంతగా మెరవని పెర్‌సీపీ-సై5.5 ఇచ్చినా నష్టం లేదు. ఎన్‌కే గుర్తులు పలుచన కాబట్టి వాటికి పీఈ. ఎర్ర నాచు నుంచి తీసే ఈ ప్రోటీన్ రంగు చాలా గట్టిగా మెరుస్తుంది.

పీఈ-సై7, ఏపీసీ-సై7 జంట రంగులు. మొదటి రంగు లేజర్ వెలుగును పట్టి, ఆ శక్తిని పక్కనే అతికించిన రెండో రంగుకు అందిస్తుంది. వెలిగేది రెండోది, సుమారు 785 నానోమీటర్ల దగ్గర. రెండు జంటలూ ఒకే చోట వెలిగినా వాటిని మేల్కొలిపే లేజర్లు వేరు కాబట్టి యంత్రం విడదీయగలదు. అయితే జంట విడిపోయే గుణం వీటికి ఉంది. వెలుతురు తగిలినా, వేడి తగిలినా, ఫార్మాల్డిహైడ్‌లో ఎక్కువసేపు నానినా రెండో రంగు పని మానేస్తుంది. అప్పుడు పీఈ-సై7 ఉత్త పీఈగా, ఏపీసీ-సై7 ఉత్త ఏపీసీగా వెలుగుతాయి. ఈ మాట గుర్తుంచుకోండి, కింద దీనితో పని ఉంది.

యాంటీబాడీ కొనేటప్పుడు సీడీ అంకెతో పాటు క్లోన్ (ఆ యాంటీబాడీని తయారుచేసే కణవంశం) పేరు కూడా చూడండి. సీడీ3కి ఎస్‌కే7, యూసీహెచ్‌టీ1 వంటివి, సీడీ4కి ఎస్‌కే3, ఆర్‌పీఏ-టీ4 వంటివి దొరుకుతాయి. ఒకే అణువును పట్టినా అన్నీ ఒకే చోట పట్టవు. క్లోన్ మారిస్తే పాత ఫలితాలతో పోల్చే ముందు ఒకే రక్తం మీద రెండింటినీ పక్కపక్కన నడిపి చూడాలి.

బాటిల్ మీద రాసిన మోతాదును గుడ్డిగా పాటించకండి. ఒకసారి కూర్చుని కొలుచుకోండి. ఎనిమిది ట్యూబుల్లో ఒకే రక్తం తీసుకుని, యాంటీబాడీని ఒక్కో ట్యూబుకూ సగం సగం తగ్గిస్తూ వెళ్లండి. గుర్తు ఉన్న కణాల మధ్యస్థ వెలుగులో నుంచి గుర్తు లేని కణాల మధ్యస్థ వెలుగు తీసేసి, వచ్చినదాన్ని గుర్తు లేని కణాల వెలుగు చెదురుకు (స్టాండర్డ్ డీవియేషన్‌కు) రెట్టింపుతో భాగించండి. ఆ విలువ ఎక్కడ అత్యధికమో అదే మీ మోతాదు. ఎక్కువ పోస్తే బాగా వెలుగుతుందనుకుంటారు చాలామంది. ఎక్కువైన యాంటీబాడీ లేనిచోట కూడా అంటుకుని, రెండు గుంపుల మధ్య ఉన్న ఖాళీని పూడ్చేస్తుంది. ఈ కొలతకు ఒక పూట పడుతుంది, ఆపైన ఖరీదైన యాంటీబాడీ నెలల తరబడి మిగులుతుంది. బాటిళ్లను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, చీకట్లో ఉంచాలి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే పీఈ, ఏపీసీ, జంట రంగులు పాడైపోతాయి.

రక్తం తీయడం, తేవడం

ఊదా రంగు మూత ఉన్న, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ట్యూబులో రక్తం తీసి, వెంటనే ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గట్టిగా ఊపితే ఎర్రకణాలు పగులుతాయి. ట్యూబు మీద తీసిన సమయం రాయాలి, తేదీ ఒక్కటే చాలదు. నేర్చుకోవడానికి తీసే రక్తమైనా సరే, ఇచ్చేవారికి ఎందుకో చెప్పి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. పరిశోధనకైతే సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి.

ఇక ప్రయాణం. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా, లేదా నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా బస్సులో రెండు మూడు గంటలు పడుతుంది. ఎండకు భయపడి ట్యూబును ఐసుముక్కల్లో గుచ్చి పంపినవాళ్లను చూశాను. ఐసు తగిలిన రక్తంలో ఎర్రకణాలు పగిలి పైనున్న ప్లాస్మా ఎర్రబడింది, తెల్లకణాల గుర్తులు మసకబారాయి. ఈ పరీక్షకు రక్తం చల్లగా ఉండనక్కర్లేదు, 18 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే చాలు. థర్మోకోల్ డబ్బాలో జెల్ ప్యాకులు పెట్టండి. వాటిని ఫ్రీజర్‌లో గడ్డకట్టించకుండా ఫ్రిజ్ కింది అరలో చల్లబరచండి. ట్యూబుకూ ప్యాకుకూ మధ్య మందపాటి తువ్వాలు మడత ఉండాలి. లోపల ఒక చిన్న థర్మామీటరు పెట్టి, బయలుదేరినప్పుడూ చేరినప్పుడూ అంకె రాసుకోండి. తీసిన 24 గంటల్లోపు రంగు పట్టించడం మంచిది. గడ్డ కనిపించిన ట్యూబును పక్కన పెట్టేయండి, గడ్డ తీసేసి మిగతాది వాడితే అందులో చిక్కుకున్న కణాలు లెక్కలోకి రావు.

రంగు పట్టించడం

చేతి తొడుగులు, ఏప్రన్, కళ్లద్దాలు వేసుకోండి. ఎవరి రక్తమైనా హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి ఉన్నట్లే భావించి ముట్టుకోవాలి.

5 మిల్లీలీటర్ల గొట్టం అడుగున ముందు యాంటీబాడీలు వేయండి, తరువాత 100 మైక్రోలీటర్ల రక్తం. ఆరోగ్యవంతుల్లో మైక్రోలీటరుకు 4,000 నుంచి 11,000 తెల్లకణాలు ఉంటాయి కాబట్టి ఈ కొంచెం రక్తంలోనే 4 నుంచి 11 లక్షల కణాలు వస్తాయి. తెల్లకణాల సంఖ్య మరీ ఎక్కువగా ఉన్న రక్తమైతే ముందే పలచబరచాలి, లేకపోతే యాంటీబాడీ చాలదు.

ఇక్కడ ఒక చిన్న విషయం దగ్గరగా చూడండి. పిపెట్ మొన గొట్టం గోడకు తగిలితే, లోపలి అంచున ఆవగింజంత రక్తపు చుక్క నిలిచిపోతుంది. యాంటీబాడీ అడుగున ఉంది, ఆ చుక్క పైన ఉంది. రంగు దానికి అందదు. పదిహేను నిమిషాల తరువాత ఎర్రకణాలను పగలగొట్టే లైసింగ్ ద్రావణం పోసినప్పుడు ఆ చుక్క జారి మిగతా వాటితో కలుస్తుంది. తెర మీద ఏ గుర్తూ లేని లింఫోసైట్లు కొన్ని పుట్టుకొస్తాయి. అవి ఎవరి రక్తంలోనూ ఉన్నవి కావు, మన చేతి నుంచి వచ్చినవి. మొనను అడుగుదాకా దించి వదలండి. గోడకు అంటితే దూది పుల్లతో తుడిచేయండి.

మెల్లగా కలిపి 15 నుంచి 20 నిమిషాలు చీకట్లో ఉంచాలి. డ్రాయరు చాలు, అల్యూమినియం రేకు చుట్టినా సరే. ఏసీ లేని గదిలో, వేసవిలో, నీళ్లు పోసిన పళ్లెంలో గొట్టాల స్టాండు పెట్టి నీటి వేడిమిని 22 డిగ్రీల దగ్గర నిలపండి. కరెంటు పోయినా పళ్లెంలోని నీరు అరగంట దాకా కాపాడుతుంది.

తరువాత ఎర్రకణాలను పగలగొట్టాలి. పదింతల గాఢతలో వచ్చే లైసింగ్ ద్రావణాన్ని ఆ రోజే స్వచ్ఛమైన నీటితో పలచబరచి 2 మిల్లీలీటర్లు పోయండి. 10 నిమిషాలు చీకట్లో ఉంచండి. పోయగానే చిక్కగా, ఇటు నుంచి అటు కనిపించకుండా ఉన్న ద్రవం క్రమంగా తేరుకుని, పలుచని దానిమ్మ రసంలా అవుతుంది. గొట్టం వెనుక అచ్చుకాగితం పెడితే అక్షరాలు చదవగలగాలి. చదవగలిగాక ఇంకా ఆగకండి, ఎక్కువసేపు ఉంచితే తెల్లకణాలు కూడా దెబ్బతింటాయి.

300 జీ (భూమి గురుత్వ బలానికి 300 రెట్లు) వద్ద 5 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. జీ వేరు, నిమిషానికి చుట్లు వేరు. రోటరు వ్యాసార్ధం 15 సెంటీమీటర్లయితే 300 జీ అంటే నిమిషానికి సుమారు 1,340 చుట్లు. వేరే సెంట్రిఫ్యూజ్‌కు మారినప్పుడు ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి. తిరిగాక పై ద్రవాన్ని ఒక్క వంపులో పారబోయండి. వంచిన గొట్టాన్ని మళ్లీ కుదిపి రెండోసారి వంచితే అడుగున ఉన్న కణాలూ వెళ్లిపోతాయి. కొంచెం సీరం లేదా ఆల్బుమిన్ కలిపిన పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ ఉన్న ఉప్పు ద్రావణం) ఒకసారి కడిగి, చివరకు 300 నుంచి 500 మైక్రోలీటర్ల పీబీఎస్‌లో కలపండి. అదే రోజు యంత్రం దొరకకపోతే 1 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో ఉంచి, ఫ్రిజ్‌లో చీకట్లో పెట్టి మరునాటికల్లా చదివించండి.

కంట్రోళ్లు, కాంపెన్సేషన్

నేర్చుకునేవాళ్లు తొందరపడి దాటేసే మెట్టు ఇదే. రోగి ట్యూబు ఒక్కటే నడిపితే రంగుల తెర వస్తుంది, అర్థం రాదు.

ఒక్కో రంగు తనకు కేటాయించిన డిటెక్టర్‌లోనే వెలగదు. ఎఫ్‌ఐటీసీ 520 నానోమీటర్ల దగ్గర ఎక్కువగా వెలిగినా, దాని తోక పీఈ చోటు దాకా సాగుతుంది. కాబట్టి సీడీ3 ఒక్కటే ఉన్న కణం పీఈలోనూ కొంచెం మెరుస్తుంది. చూసినవాళ్లు దాన్ని సీడీ56 అనుకుంటారు. ఈ కారుడును తీసేసే లెక్కకే కాంపెన్సేషన్ అని పేరు. దానికి ఆరు రంగులకు ఆరు ఒంటిరంగు గొట్టాలు, ఏ రంగూ లేనిది ఒకటి కావాలి.

ఉదాహరణకు ఎఫ్‌ఐటీసీ ఒక్కటే పట్టించిన గొట్టంలో, సీడీ3 ఉన్న కణాల మధ్యస్థ వెలుగు పీఈ డిటెక్టర్‌లో 850, సీడీ3 లేని కణాలది 90 అనుకుందాం. కాంపెన్సేషన్ సరిగా చేశాక ఆ 850 కాస్తా 90కి దిగాలి. 90 కంటే కిందికి దిగితే ఎక్కువ తీసేసినట్లు, పైన ఉంటే తక్కువ తీసినట్లు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఇది తానే చేస్తుంది, అయినా ఒక్కో జతనూ మీ కళ్లతో చూడండి. ఒంటిరంగు గొట్టంలోని వెలుగు అసలు శాంపిల్ వెలుగు కంటే తక్కువ కాకూడదు. జంట రంగుల విషయంలో అదే బాటిల్ నుంచి తీసినదే వాడాలి, ఒక లాటుకూ మరో లాటుకూ తేడా ఉంటుంది. డిటెక్టర్ ఓల్టేజీ ముందే నిర్ణయించి, ఆ తరువాత ముట్టుకోకండి.

మధ్యస్థం సరిపోయినా చెదురు మిగిలే ఉంటుంది. ఎక్కువగా మెరిసే కణాలు పక్క డిటెక్టర్‌లో వెడల్పుగా పరచుకుంటాయి. అందుకే మసక గుర్తులకు గీత ఎక్కడ గీయాలో తేల్చడానికి ఎఫ్‌ఎంఓ గొట్టం కావాలి. మిగతా అయిదు రంగులూ ఉండి, అనుమానం ఉన్న ఆ ఒక్కటీ లేని గొట్టం అది. ఎన్‌కే గుర్తులకు ఒక ఎఫ్‌ఎంఓ తప్పనిసరిగా పెట్టమని చెబుతాను. ఈ గుర్తులు వేటినీ పట్టని యాంటీబాడీతో పెట్టే ఐసోటైప్ కంట్రోల్ మీద గీత గీయడం పాత అలవాటు, అది నాకు సమ్మతం కాదు. వేరే యాంటీబాడీ ఎంత అంటుకుందో చూసి ఈ యాంటీబాడీ గీత ఎక్కడో చెప్పలేం.

తెర మీద

లేజర్లు వేడెక్కడానికి అరగంట ఇచ్చి, రోజువారీ పూసలతో (ఎంత వెలుగుతాయో ముందే తెలిసిన చిన్న రేణువులు) యంత్రాన్ని సరిచూసి, తక్కువ వేగంలో నడపండి. వెతుకుతున్న గుంపు లింఫోసైట్లలో ఒక్క శాతమే ఉండి, లెక్క 5 శాతం తేడాకు మించకూడదంటే ఆ గుంపులో 400 కణాలైనా దొరకాలి. అంటే 40,000 లింఫోసైట్లు చదివించాలి.

గేట్లు (తెర మీద ఒక గుంపును ఎంచుకోవడానికి దాని చుట్టూ గీసే గీతలు) ఈ వరుసలో గీయండి. మొదట కాలం గీత: మొదటి క్షణం నుంచి చివరి దాకా వెలుగు సమంగా ఉందా, మధ్యలో గాలిబుడగ వచ్చి ఆగిందా చూసి, చెడిన భాగం తీసేయాలి. తరువాత ముందుకు చెదిరే వెలుగు సంకేతపు వైశాల్యాన్ని దాని ఎత్తుతో పోల్చి, అతుక్కున్న జంట కణాలను తొలగించాలి. ఆపైన సీడీ45ను పక్క వెలుగుతో పోల్చండి. సీడీ45 బాగా మెరుస్తూ పక్క వెలుగు తక్కువగా ఉన్న గుంపు లింఫోసైట్లు. వాటి పక్కన కొంచెం పైన మోనోసైట్లు, సీడీ45 తగ్గి పక్క వెలుగు బాగా పైకి ఉన్నవి న్యూట్రోఫిల్స్. సీడీ45 లేనివి పగలని ఎర్రకణాలూ చెత్తా.

లింఫోసైట్లలో సీడీ3ను సీడీ19తో పోల్చితే టి, బి కణాలు విడిపోతాయి. రెండూ లేనివాటిలో సీడీ16, 56 ఉన్నవి ఎన్‌కే కణాలు. సీడీ3 ఉన్నవాటిలో సీడీ4ను సీడీ8తో పోల్చాలి. సీడీ3 చూడకుండా నేరుగా సీడీ4, సీడీ8 లెక్కపెడితే రెండు మోసాలు జరుగుతాయి. మోనోసైట్ల మీద కూడా సీడీ4 మసకగా ఉంటుంది, అవి సహాయక టి కణాల్లో కలిసిపోతాయి. అలాగే కొన్ని ఎన్‌కే కణాల మీద సీడీ8 మసకగా ఉంటుంది. సీడీ3 ఉండి సీడీ4, సీడీ8 రెండూ లేని కణాలు కొన్ని మిగులుతాయి. అవి తప్పు కావు, టి కణాల్లో మరో రకమైన గామా-డెల్టా టి కణాల్లో చాలామటుకు అక్కడే ఉంటాయి.

ఒకసారి ఇలా లెక్కపెడుతుంటే సీడీ3, సీడీ19 రెండూ ఉన్న కణాలు ఒక చిన్న మబ్బులా కనిపించాయి. టి కణమూ బి కణమూ ఒక్కటే కావడం సాధారణ రక్తంలో ఉండదు. మొదటి అనుమానం, ఒక టి కణం ఒక బి కణానికి అతుక్కుని జంటగా వెళ్లిందేమో. జంటలను తీసే గేటు బిగించాం. మబ్బు తగ్గలేదు. అప్పుడు ఆ కణాలను సీడీ4, సీడీ8 తెర మీదికి తెచ్చి చూశాం. నిజంగా అతుక్కున్నవే అయితే సీడీ4వీ సీడీ8వీ రెండూ ఉండాలి. ఇక్కడ ఉన్నవన్నీ సీడీ8వే. సీడీ8కి ఏపీసీ-సై7, సీడీ19కి ఏపీసీ. జంట విడిపోయి ఉత్త ఏపీసీగా వెలుగుతోంది. వెనక్కి వెళ్లి అడిగితే, ఆ బాటిల్ మధ్యాహ్న భోజనం వేళ కిటికీ పక్క బల్ల మీద ఉండిపోయిందని తేలింది. ఆ పూట బాధ్యత నాది, పెట్టెలో పెట్టానో లేదో చూసుకోలేదు. కొత్త బాటిల్‌తో అదే రక్తానికి మళ్లీ రంగు పట్టిస్తే మబ్బు పోయింది. వింత కణం కనిపించినప్పుడు అది ఇంకే గుర్తులతో కలిసి వస్తోందో చూడండి. తప్పు ఎక్కడుందో ఆ తోడే చెబుతుంది.

అంకెలు

మీ ఫలితాన్ని మీరే పరీక్షించుకునే రెండు కూడికలు ఉన్నాయి. లింఫోసైట్లలో టి, బి, ఎన్‌కే శాతాలు కూడితే దాదాపు 100 రావాలి, 95 నుంచి 105 మధ్య ఉంటే సరే. సీడీ4, సీడీ8 శాతాలు కూడితే మొత్తం సీడీ3కి దగ్గరగా రావాలి. ఉదాహరణకు సీడీ3 71, బి 14, ఎన్‌కే 13 అయితే మొత్తం 98. సీడీ4 42, సీడీ8 26 అయితే 68, మిగతా 3 ఆ రెండూ లేని టి కణాలు. మొత్తం 85 వచ్చిందంటే లింఫోసైట్ల గేటులోకి వేరేవి చొరబడ్డాయి, లేదా రంగు పట్టలేదు.

మైక్రోలీటరుకు ఎన్ని కణాలో కావాలంటే రక్తపరీక్షలోని అంకెతో గుణించాలి. తెల్లకణాలు 7,200, అందులో లింఫోసైట్లు 35 శాతం అంటే 2,520. వాటిలో సీడీ4 టి కణాలు 42 శాతం, అంటే సుమారు 1,058. లెక్కించిన పూసలున్న గొట్టం వాడితే రక్తపరీక్షతో పని లేదు: దొరికిన కణాలను దొరికిన పూసలతో భాగించి, గొట్టంలోని మొత్తం పూసలతో గుణించి, రక్తం పరిమాణంతో భాగిస్తే చాలు. ఆ పద్ధతిలో కడగకూడదు, కడిగితే కణాలూ పూసలూ వేర్వేరు పాళ్లలో పోతాయి. పైగా రక్తం సరిగ్గా కొలిచి పోయాలి, 100 బదులు 90 పడితే ఫలితంలో పదోవంతు పోతుంది, 110 పడితే పదోవంతు పెరుగుతుంది.

ఆ పదోవంతు చిన్నది కాదు. హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తిలో సీడీ4 సంఖ్య 200 కంటే తక్కువైతే వ్యాధి ముదిరిన దశగా లెక్కించి, క్షయ వంటి ఇతర ఇన్ఫెక్షన్ల కోసం ప్రత్యేకంగా వెతుకుతారు, నివారణ మందులు మొదలుపెడతారు. అసలు సంఖ్య 190 ఉన్న మనిషికి మన పిపెట్ పొరపాటుతో 210 అని రాస్తే, ఆ వెతుకులాటే జరగకపోవచ్చు. నేర్చుకునే దశలో వచ్చిన అంకెలను ఎవరి చికిత్సకూ ఇవ్వకండి. రోగి రిపోర్టు నాణ్యతా పరీక్షల్లో నెగ్గిన ప్రయోగశాల నుంచి, బాధ్యత గల డాక్టరు సంతకంతో వెళ్లాలి.

పని ముగించేటప్పుడు

మిగిలిన రక్తాన్నీ పారబోసిన ద్రవాన్నీ 1 శాతం హైపోక్లోరైట్‌లో అరగంట ఉంచి, తరువాతే ఆసుపత్రి వ్యర్థాల 2016 నియమాల ప్రకారం పంపాలి. ప్లాస్టిక్ గొట్టాలు, పిపెట్ మొనలు, తొడుగులు ఎర్ర సంచిలో, సూదులు తెల్ల డబ్బాలో. యాంటీబాడీల్లో నిల్వ కోసం సోడియం అజైడ్ ఉంటుంది. అది సీసం, రాగి పైపుల్లో పేరుకుంటే పేలే గుణం ఉన్న పదార్థం ఏర్పడుతుంది కాబట్టి సింకులో పోయాల్సి వస్తే నీళ్లు దండిగా వదలాలి.

యంత్రంలో ముందు పలుచని బ్లీచింగ్ ద్రావణం 5 నిమిషాలు, తరువాత స్వచ్ఛమైన నీరు మరో 5 నిమిషాలు నడపండి. సూది దగ్గర నీళ్ల గొట్టం ఉంచి ఆపేయండి. ఎండిన రక్తం సూదిలో గడ్డకడితే రేపు వచ్చేవాళ్ల శాంపిల్ ఆగిపోతుంది. వెళ్లే ముందు నోటుపుస్తకంలో ఇవి రాయండి: రక్తం తీసిన సమయం, డబ్బాలో థర్మామీటరు చూపిన రెండు అంకెలు, ఒక్కో యాంటీబాడీ క్లోన్, లాటు నంబరు, బాటిల్ తెరిచిన తేదీ, ఆ రోజు గది ఉష్ణోగ్రత.